దేవుని వాక్యమును వెదకిన ఆనందరాయరు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 8:26–40



ఐతియొపీయ రాణి కొలువులో ధనాగారపు లెక్కలు చూచు ఒక పెద్ద ఉద్యోగి, యెరూషలేములో ఆరాధన ముగించుకొని రథముమీద తన దేశమునకు పోవుచుండెను. ఆయన చేతిలో యెషయా ప్రవక్త గ్రంథముండెను. చదువుచుండెను గాని దాని భావము ఆయనకు తెలియలేదు. అప్పుడు ఆత్మ ఫిలిప్పును ఆ రథము దాపునకు నడిపించెను. ఫిలిప్పు ఆ భాగమునే ఆధారము చేసికొని యేసు ప్రభువును గూర్చి ఆయనకు విశదపరచెను. ఆ ఉద్యోగి బాప్తిస్మము పొంది సంతోషముతో తన త్రోవను వెళ్లెను.

ఇట్టి మరియొక లెక్కల ఉద్యోగి మన తెలుగువారి సంఘ చరిత్రలో నున్నాడు. ఆయన పేరు ఆనందరాయరు. తెలుగులో మొట్టమొదట అచ్చుపడిన సువార్తల వెనుక శ్రమపడిన చేతులలో ఆయన చేతులున్నవి. క్లాడియస్ బుకానన్ అను పాదిరిగారు 1811లో ప్రచురించిన గ్రంథమువలన ఆయన పేరు సీమ దేశములోని విశ్వాసులకు సహితము తెలిసెను. రోమను కతోలికుల చేతిమీదుగా క్రీస్తును గూర్చి మొదట తెలిసికొని, వాక్యమును వెదకుచు ఎంతో దూరము నడచిన మనుష్యుడాయన. కతోలిక బంధువులును పొరుగువారును గల మనము ఆయన జీవితమును ఎరుగుట మేలు.

ఆనందరాయరు బ్రాహ్మణ కులమున పుట్టెను. టిప్పు సుల్తాను సైన్యములోని ఒక దళమునకు ఆయన లెక్కలు వ్రాయుచుండెను. 1799 మే 4న శ్రీరంగపట్టణపు కోట పడిపోయెను. సుల్తాను యుద్ధములో మరణించెను. తరువాత ఆయన ఇంగ్లీషువారి దళములో అట్టి ఉద్యోగమే చేసెను. రాజ్యములు మారినను లెక్కలు వ్రాయువానికి పని దొరకును, జీతము దొరకును. అయితే ఆయన మనస్సులో నున్న ఒక లెక్క మాత్రము తేలలేదు. మరణించిన పిమ్మట నా ఆత్మ గతి ఏమి, నిత్యమైన సుఖము దొరకు మార్గమెక్కడ అన్నదే ఆ లెక్క.

ఈ దిగులును ఒక పెద్ద బ్రాహ్మణునితో చెప్పుకొనగా, ఆయన ఒక మంత్రమును ఉపదేశించి దానిని 4,00,000 సార్లు జపించుమనెను. ఆనందరాయరు సోమరి కాడు. గుడిలో కూర్చుండి, ఒడలు అలసిపోవు నియమములన్నిటిని పాటించుచు ఆ జపము పూర్తి చేసెను. అంత చేసినను నెమ్మది రాలేదు. ఆయనను చూచి మనము నవ్వరాదు. దేవుని వెదకుటలో ఆయన పడిన శ్రమలో నూరవ వంతైనను మనము పడుచున్నామా అని మనలను మనమే అడుగుకొనవలెను.

ఇంటికి తిరిగి వచ్చు దారిలో ఆయనకు ఒక రోమను కతోలికుడు కలిసెను. ఆయన గురువు కాడు; సామాన్యమైన విశ్వాసి. ఇద్దరును దైవ సంగతులు మాటలాడుకొనిరి. ఆ కతోలికుడు క్రైస్తవ మతమును గూర్చి తెలుగులో నున్న రెండు పుస్తకములను ఆయన చేతికిచ్చెను. ఆ దినములలో తెలుగు పుస్తకము దొరకుటయే అరుదు. 18వ శతాబ్ది ఆరంభమునుండి యేసు సభ గురువులు రాయలసీమ ప్రాంతములలో తిరుగుచు, తెలుగు నేర్చి, నిఘంటువులును వ్యాకరణములును ఉపదేశ గ్రంథములును చేతివ్రాతతో సిద్ధపరచిరి. 1773లో పోపుగారు ఆ సభను రద్దుచేయగా ఆ మందలకు కాపరులు తక్కువైరి. అయినను వారు నాటిన విత్తనము చావలేదు. దారిలో కలిసిన ఆ విశ్వాసి చేతినుండి ఆనందరాయరు చేతికి వచ్చిన పుస్తకములు అందుకు సాక్ష్యము.

ఆ రెండు పుస్తకములను ఆయన శ్రద్ధతో చదివెను. చదివిన కొలది ఆశ పెరిగెను. క్రీస్తును గూర్చి ఇంకను తెలిసికొనవలెనని కతోలిక గురువు నాశ్రయించెను. అయితే ఆయన చదివినవి దేవుని వాక్యమును గూర్చి మనుష్యులు వ్రాసిన మాటలు. దేవుని వాక్యమే ఆయన చేతికి రాలేదు. ఈ లోటు ఒక్క కతోలికులదే అనుకొనరాదు. ప్రొటెస్టెంటు మిషనరీయైన బెంజమిను షుల్జిగారు 1730 ప్రాంతములలోనే మద్రాసులో బైబిలును తెలుగులోనికి మార్చెను గాని, అది అచ్చు కాలేదు, వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. కాబట్టి ఆనందరాయరు దినములలో ఏ సంఘపు తెలుగువాడైనను తన భాషలో అచ్చుపడిన సువార్తను చేతపట్టుకొని చదువుకొనుటకు వీలులేదు. ఆకలిగొన్నవాడు సిద్ధముగా నుండెను గాని రొట్టె వడ్డింపబడలేదు.

తమిళ దేశపు సముద్రతీరమున తరంగంబాడి అను ఊరున్నది. అది ఆ కాలమున డేనిషువారి పట్టణము. 1706లో జీగెన్‌బాల్గుగారు అచ్చటికి వచ్చి, తమిళము నేర్చి, క్రొత్త నిబంధనను ఆ భాషలోనికి మార్చి 1715 నాటికి అచ్చువేయించెను. అందుచేత తరంగంబాడి సంఘములో సామాన్య జనులు సహితము తమ భాషలో వాక్యమును వినుచు చదువుచు నుండిరి. ఆ సంగతి తెలిసికొని ఆనందరాయరు అచ్చటికి వెళ్లెను. అక్కడ తమిళ వాక్యమును చదివి, ఉపదేశము పొంది, ఆ సంఘములో చేరెను. 4,00,000 జపములవలన దొరకని నెమ్మది, సిలువమీద మనకొరకు ప్రాణము పెట్టిన ప్రభువునందు ఆయనకు దొరకెను.

ఇంతవరకు ఆయన తన ఆత్మకొరకు వెదకెను. ఇక తన జనులకొరకు పనిచేయు దినములు వచ్చెను.

లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్ దొరగారును అగస్టస్ డెస్ గ్రాంజెస్ దొరగారును 1805లో విశాఖపట్టణము చేరిరి. అప్పటికి ఈస్టిండియా కంపెనీ తన రాజ్యములో మిషనరీలకు తలుపు తెరువలేదు. ఆ తలుపు 1813లో మాత్రమే చట్టము ద్వారా తెరువబడెను. అయినను ఆ ఇద్దరు దొరలు అచ్చట బడి పెట్టి, తెలుగు నేర్చుకొనుచు, సువార్తలను తెలుగులోనికి మార్చవలెనని పూనుకొనిరి. భాష పరదేశులకు ఎంత కష్టమో మీరెరుగుదురు. పల్లెలో రైతు పలుకు మాట ఒకటి, పండితుడు వ్రాయు మాట మరియొకటి. గ్రీకు తెలిసిన దొరకు తెలుగు తెలిసిన తోడు కావలెను. ఆ తోడు వాక్యమును ప్రేమించువాడై యుండవలెను. 1808లో దేవుడు ఆనందరాయరును వారియొద్దకు పంపెను.

తరంగంబాడిలో ఆయన చదివినది తమిళ వాక్యము. విశాఖపట్టణములో చేయవలసినది తెలుగు వాక్యము. డెస్ గ్రాంజెస్ దొరగారును ఆయనయు కలిసి కూర్చుండి ఒక్కొక్క వచనము విచారించుచు మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెనిగించిరి. పూర్వము సైన్యపు జీతములు వ్రాసిన చేయి ఇప్పుడు పాపులకు ఉచితముగా దొరకు రక్షణను గూర్చి వ్రాయుచుండెను.

ఆ పని సులువుగా సాగలేదు. 1809 జనవరిలో క్రాన్ దొరగారు శ్రీకాకుళములో మరణించిరి. 1810 జూలైలో డెస్ గ్రాంజెస్ దొరగారును ప్రభువునందు నిద్రించిరి. తాము తెనిగించిన సువార్తలను అచ్చులో చూచు భాగ్యము ఆ ఇద్దరిలో ఒక్కరికిని కలుగలేదు. అచ్చుకు పంపినది బంగాళములోని శ్రీరాంపూరు ముద్రాలయమునకు. 1812 మార్చి 11న అచ్చట గొప్ప అగ్ని పుట్టి, అనేక భాషల అచ్చు అక్షరములును కాగితములును వ్రాతప్రతులును కాలిపోయెను. ఇన్ని జరిగినను అదే 1812లో తెలుగు మత్తయి, మార్కు, లూకా సువార్తలు అచ్చుపడి వెలువడెను. పనివారు పోయిరి, ముద్రాలయము కాలెను, వాక్యము మాత్రము నిలిచెను.

అటుపిమ్మట 1818లో ప్రిచ్చెట్ దొరగారు తెనిగించిన క్రొత్త నిబంధన మద్రాసులో వెలువడెను. ఆ శతాబ్దపు నడుమ నాటికి పూర్తి బైబిలు తెలుగువారి చేతికి వచ్చెను. కాబట్టి 1899లో మెన్నొనైట్ బ్రెదరన్ మిషనరీలు అమెరికానుండి హైదరాబాదు చేరునప్పటికి తెలుగు బైబిలు సిద్ధముగా నుండెను. నిజాము రాజ్యములో గద్వాల, వనపర్తి సంస్థానములుగా నున్న ఆ దినములలో, ఆ రెండు చోట్లను నాగర్‌కర్నూలు పల్లెలలోను పాస్టర్లును బైబిలు స్త్రీలును ఎండలో కాలినడకను తిరిగి చదివి వినిపించిన గ్రంథము, ఆనందరాయరువంటివారు మొదలుపెట్టిన పనికి పండిన పంట.

ప్రియులారా, ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు.

మొదటిది, దారిలో పుస్తకములిచ్చిన ఆ కతోలికుని మరువకుడి. ఆయన పేరు మనకు తెలియదు. ఆయన వాదించలేదు, తన సంఘమును పొగడుకొనలేదు. తనకున్నదానిని ఇచ్చెను, అంతే. ఆ చిన్న ఉపకారము లేనియెడల ఆనందరాయరు తరంగంబాడి చేరియుండునా? మనకంటె వేరైన సంఘములోని విశ్వాసిచేత సహితము దేవుడు తన పని చేయించుకొనును. కాబట్టి కతోలిక సహోదరులను గూర్చి మాటలాడునప్పుడు మన నాలుకకు కళ్లెముండవలెను.

రెండవది, ఆకలిగొన్నవానికి వాక్యమునే ఇయ్యవలెను. నేడు కతోలిక సంఘమే తన జనులను బైబిలు చదువుడని పిలుచుచున్నది. రెండవ వాటికను మహాసభ 1965 నవంబరు 18న దైవ ప్రత్యక్షతను గూర్చి ఒక శాసనమును ప్రకటించెను. లేఖనములు విశ్వాసులందరికి అందుబాటులో నుండవలెననియు, వాటిని తరచుగా చదువవలెననియు, ప్రార్థనతో చదువవలెననియు అందు బోధింపబడినది. తమ అధికారుల అనుమతితో ఇతర క్రైస్తవులతో కూడి చేసిన తర్జుమాలను సహితము వాడుకొనవచ్చునని అందులోనే యున్నది. 2019లో పోపు ఫ్రాన్సిసుగారు సంవత్సరమునకు ఒక ఆదివారమును దేవుని వాక్యమునకు ప్రత్యేకించిరి. మన కతోలిక బంధువులలో అనేకులకు ఈ సంగతులు తెలియకపోవచ్చును. వియ్యపువారి యింటికి వెళ్లినప్పుడు, పెండ్లికో చావుకో పోయినప్పుడు, వారితో కలిసి ఒక అధ్యాయము చదువుడి. మరియమ్మను గూర్చి వివాదముతో మొదలుపెట్టకుడి. లూకా సువార్త మొదటి అధ్యాయము తెరచి చదువుడి. ఆమె దేవుని మాటకు ఎట్లు లోబడెనో అందరును కలిసి చూతురు. వారు తమ గుడికి పోవుట మానవలెనని కాదు. తమ ప్రభువును ఆయన వాక్యములో ఎరిగి, ఆయన చెప్పినట్లు నడుచుకొనవలెనని మన కోరిక యుండవలెను.

మూడవది మనకే తగులును. ఇతరులకు బైబిలు చదువుడని చెప్పు మన ఇండ్లలో బైబిలు ఎక్కడ నున్నది? గూటిలో గుడ్డ చుట్టియున్నదా? ఆదివారము చంకన పెట్టుకొని పోయి తెచ్చి, తిరిగి అదే గూటిలో పెట్టుచున్నామా? పాలమూరు కూలీలుగా పేరుపొంది మనవారు హైదరాబాదుకు, ముంబయికి, పూనాకు పనికి పోవుచు వచ్చిరి. మూటలో గిన్నెలు కట్టుకొందురు, దుప్పటి కట్టుకొందురు. ఆ మూటలో సువార్త కట్టుకొనువారెందరు? చదువురాని తల్లిదండ్రులున్నయెడల, బడికి పోవు మనుమడో మనుమరాలో దీపము పెట్టిన వేళ ఒక అధ్యాయము చదివి వినిపింపవచ్చును. పిల్ల చదువును సాగును, అవ్వ ఆత్మయు బలపడును.

చదివినంత మాత్రమున చాలదు. వాక్యమును విని దానిప్రకారము చేయనివాడు అద్దములో ముఖము చూచుకొని వెళ్లి మరచిపోవువాని పోలియున్నాడని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో బోధించుచున్నాడు. పొరుగువాని గట్టు జరుపుకొని బైబిలు చదివినను, కూలివాని కూలి ఆపి కీర్తన పాడినను, త్రాగి వచ్చి ఇంటిదానిని కొట్టి ఉదయమున ప్రార్థన చేసినను ఏమి లాభము? మన కతోలిక పొరుగువాడు మొదట చదువునది మన చేతిలోని బైబిలును కాదు, మన నడతను. ఆ నడతలో క్రీస్తు కనబడినయెడల అతడు తానే ఆ గ్రంథమడిగి పుచ్చుకొనును.

ఆనందరాయరు తెలుగు సువార్త లేని కాలమున దానికొరకు దేశములు తిరిగెను. తుదకు దానిని తయారు చేయుటలో తానే చేయి వేసెను. మనకు పూర్తి గ్రంథమున్నది. ఈ నెలలో ప్రతి కుటుంబమును లూకా సువార్తను దినమునకొక అధ్యాయము చొప్పున చదువుడి. 24 దినములలో ముగియును. వీలైనయెడల ఒక కతోలిక కుటుంబమును కూడ పిలిచి కలిసి చదువుడి.

ఇంటి ప్రార్థనలో ఆలోచింపవలసినవి:

1. ఐతియొపీయునికి ఫిలిప్పు ఎట్లు సహాయపడెను? మన వీధిలో అట్టి సహాయము ఎవరికి కావలెను?

2. నెహెమ్యా 8వ అధ్యాయములో ధర్మశాస్త్రము విన్న జనులు ఏమి చేసిరి? మనము విని ఏమి చేయుచున్నాము?

3. ఈ వారము చదివిన వాక్యమువలన మన యింటిలో మారవలసిన ఒక సంగతి ఏది?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా భాషలో నీ వాక్యమును మాకిచ్చుటకు శ్రమపడిన నీ దాసులకొరకు నీకు స్తోత్రములు. మాకును మా కతోలిక సహోదరులకును దానిని చదువు ఆశను, గ్రహించు మనస్సును, చేయు బలమును దయచేయుము. మా రక్షకుడైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.