నైలాన్ పితామహుడు వాలెస్ కరోథర్స్

జనవరి వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ చూడాలని హాస్టల్ విద్యార్థులందరికీ ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్లు, నైలాన్ తాళ్ళు, దువ్వెనలు అమ్మే దుకాణాలు అక్కడ చూస్తూనే ఉంటాం. ఈ నుమాయిష్ 1938లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో నైలాన్‌ను ప్రపంచానికి ప్రకటించారు. కానీ దాన్ని సృష్టించిన శాస్త్రవేత్త ఆ రోజు చూడకుండానే ఏడాదిన్నర ముందు కన్నుమూశారు. ఆయనే వాలెస్ హ్యూమ్ కరోథర్స్.

కరోథర్స్ 1896 ఏప్రిల్ 27న అమెరికాలోని అయోవా రాష్ట్రం, బర్లింగ్టన్‌లో జన్మించారు. తండ్రి వాణిజ్య కళాశాలలో అధ్యాపకులు. కరోథర్స్ మొదట అక్కడే అకౌంట్లు నేర్చుకున్నారు. తర్వాత మిస్సోరీ రాష్ట్రంలోని టార్కియో కాలేజీలో చేరి, తాను చదువుకుంటూనే ఇతరులకు పాఠాలు చెప్పేవారు. ఇంతలో కెమిస్ట్రీ మాస్టారు వేరే విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. ఇంకా డిగ్రీ పూర్తికాని ఈ విద్యార్థికే ఆ పాఠాలు అప్పగించారు! ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని చదువుకునే మనకు ఆ పట్టుదల విలువ తెలుసు. 1924లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. పొంది, తర్వాత హార్వర్డ్‌లో బోధించారు. 1928లో డ్యూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో చేరారు.

అప్పట్లో రబ్బరు, పట్టు వంటి వాటిలో చాలా పొడవైన అణువులు ఉంటాయని జర్మనీ శాస్త్రవేత్త స్టాడింగర్ చెబితే చాలామంది నమ్మలేదు. ఆ అణువులను తానే కట్టి చూపాలని కరోథర్స్ నిర్ణయించుకున్నారు. నాంపల్లి స్టేషన్‌లో పెట్టెకు పెట్టె తగిలించి రైలు కట్టినట్లు, ఆమ్లాన్ని, ఆల్కహాల్‌ను ఒకదాని వెంట ఒకటి కలుపుతూ పోయారు. ప్రతి కలయికలో కొంచెం నీరు పుడుతుంది. ఆ నీటిని తీసేస్తేనే గొలుసు పెరుగుతుంది. అలా తయారైనవే పాలియెస్టర్లు.

1930 ఏప్రిల్‌లో ఆయన సహచరుడు జూలియన్ హిల్ కరిగిన పాలియెస్టర్ నుంచి పోగు లాగారు. చల్లారాక మళ్ళీ లాగితే అది పట్టుదారంలా మెరుస్తూ గట్టిపడింది. చిక్కుపడి ఉన్న గొలుసులు ఒకే వరుసలోకి రావడమే దానికి కారణం. గొలుసులు ఇలా క్రమంగా పేర్చుకోవడాన్నే స్ఫటికీకరణ అంటాం. దానివల్ల పాలిమర్‌కు బలం, వేడికి ఓర్పు వస్తాయి.

అయితే ఆ పాలియెస్టర్లు తక్కువ వేడికే కరిగేవి, వేడినీటికి పాడైపోయేవి. బట్టలకు పనికిరావని పక్కన పెట్టేశారు. లాక్టిక్ ఆమ్లం నుంచి వచ్చే లాక్టైడ్‌ను కూడా గొలుసుగా మార్చి 1932లో ప్రకటించారు. 1935 ఫిబ్రవరి 28న ఆయన బృందం నైలాన్ 66ను తయారుచేసింది. 1936లో ఆయన అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. అదే ఏడాది వివాహమైంది.

కానీ యువకుడిగా ఉన్నప్పటి నుంచే ఆయనను డిప్రెషన్ వేధించేది. ఇంత సాధించినా తాను విఫలమయ్యాననే అనుకునేవారు. 1937 జనవరిలో ప్రియమైన చెల్లెలు ఇసబెల్ మరణించడంతో మరింత కుంగిపోయారు. 1937 ఏప్రిల్ 29న తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి 41 ఏళ్ళు నిండి రెండు రోజులే. కూతురు ఆ తర్వాత పుట్టింది.

ఆయన పక్కన పెట్టిన ఆ జాతి పాలిమర్ల కోసమే నేడు ప్రపంచం వెతుకుతోంది. మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు వంటివి నిషేధించారు. వాటి స్థానంలో పాలిలాక్టిక్ ఆమ్లం, అంటే పి.ఎల్.ఎ., వాడవచ్చు. ఇది మొక్కజొన్న, చెరకు చక్కెరల నుంచి వస్తుంది. అయితే దీనికో లోపం ఉంది. కరిగించి అచ్చులో పోసినప్పుడు గొలుసులు పేర్చుకునేలోపే చల్లారిపోతుంది. అలాంటి కప్పులో ఇరానీ చాయ్ పోస్తే, సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది.

దీనికి ఉపాయాలు మన వంటింట్లోనే కనిపిస్తాయి. నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది. అలాగే అచ్చును సుమారు 100 డిగ్రీల వద్ద కాసేపు ఉంచితే పి.ఎల్.ఎ.లో స్ఫటికాలు పెరుగుతాయి. పటికబెల్లం దారాన్ని పట్టుకుని పెరిగినట్లు, కొద్దిగా టాల్క్ పొడి కలిపితే స్ఫటికాలు త్వరగా మొదలవుతాయి. త్వరగా స్ఫటికమయ్యే, సాగే గుణమున్న పాలిబ్యుటిలీన్ సక్సినేట్‌ను కలిపి కరిగించి మిశ్రమాలు కూడా చేస్తున్నారు. కరోథర్స్ తొలి పాలియెస్టర్లలోనూ ఈ సక్సినిక్ ఆమ్లం ఉంది. అయితే స్ఫటికాలు ఎక్కువైతే కుళ్ళడం ఆలస్యమవుతుంది. పి.ఎల్.ఎ. త్వరగా కుళ్ళాలంటే కంపోస్టు కేంద్రంలోని వేడి కావాలి. మోరీలో పడేస్తే చాలాకాలం అలాగే ఉంటుంది.

విద్యార్థి మిత్రులారా! నీటికి పాడైపోవడం ఆనాడు లోపం, నేడు అదే గుణం. ఓడిపోయామనుకున్న పని కూడా రేపు ఎవరికో దారి చూపవచ్చు. ఆ మాట కరోథర్స్ నమ్మలేకపోయారు. అది ఆయన తప్పు కాదు, జబ్బు. ఇంటికి దూరంగా ఉన్న మనలో ఎవరికైనా మనసు కుంగితే దాచుకోవద్దు. స్నేహితునికో వార్డెన్ గారికో చెప్పుకుందాం. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పక్క మంచం మిత్రుడు మౌనంగా ఉంటే మనమే వెళ్ళి పలకరిద్దాం.