గౌతమీపుత్ర శాతకర్ణి

ఇచ్చోడ నుండి నిర్మలు మీదుగా దక్షిణమునకు పోవు రాజమార్గము గోదావరీనదిని దాటును. ఆ నది వెంట తూర్పుగా సాగినచో కరీంనగరు సీమలోని కోటిలింగాల కనబడును. అచ్చటను, ఆ సీమలోనే యున్న పెద్దబంకూరు గ్రామమునందును త్రవ్వకములు జరుపగా రెండువేల యేండ్ల నాటి నాణెములు వేలకొలది బయల్పడినవి. అవి శాతవాహనుల నాణెములు. ఆ వంశమునకు మూలపురుషుడైన సిముకుని నాణెములు కోటిలింగాలలోనే లభించినవి. ఆ వంశమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన ప్రభువు గౌతమీపుత్ర శాతకర్ణి.

శాతకర్ణి తల్లి గౌతమీ బలశ్రీ. అతడు తల్లిపేరును తన పేరునకు ముందు నిలిపి ఆమెను గౌరవించెను. అతడు క్రీస్తుశకము మొదటి శతాబ్ది చివరనో, రెండవ శతాబ్ది తొలిభాగముననో రాజ్యమేలెనని చరిత్రకారులు తలంతురు. ఆనాటికి శాతవాహనుల ప్రాభవము సన్నగిల్లియుండెను. క్షహరాత వంశజుడగు నహపానుడు నాసికు సీమను, పడమటి సముద్రతీరమును ఆక్రమించియుండెను. రోము మొదలగు దూరదేశములతో వర్తకము ఆ తీరపు రేవుల మీదుగానే జరుగుచుండెను. రేవులు చేజారుటయనగా రాజ్యపు సంపద చేజారుటయే.

శాతకర్ణి నహపానునిపై యుద్ధము చేసి జయించెను. తన పాలనమున పదునెనిమిదవ యేట నాసికు గుహలలోని బౌద్ధభిక్షువులకు అతడు ఒక పొలమును దానము చేసెను. ఆ పొలము అంతకుముందు నహపానుని అల్లుడగు ఋషభదత్తుని చేతిలో నుండినది. దానశాసనము విజయము పొందిన సేనాశిబిరము నుండియే వెలువడెను.

అప్పటికి నహపానుని వెండినాణెములు జనుల చేతులలో విరివిగా నుండెను. వానిపై ఒకవైపు అతని ముఖము, రెండవవైపు బాణము, వజ్రాయుధము గుర్తులు కలవు. శాతకర్ణి అట్టి నాణెములను వేలకొలది సేకరింపజేసి, వానిని కరిగింపక, వానిమీదనే తన ముద్రను కొట్టించెను. ఒకవైపు మూడు వంపుల కొండగుర్తు, దానిచుట్టు బ్రాహ్మీలిపిలో తన పేరు. రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము. సంతలో సరకు కొనువాని చేతికిని, సుంకము కట్టువాని చేతికిని ఆ నాణెముతోపాటు రాజు మారిన వార్తయు చేరెను.

1906లో నాసికు జిల్లా జోగల్‌తెంబి గ్రామమున పదుమూడు వేలకు పైబడిన వెండినాణెముల నిధి దొరకెను. అందు తొమ్మిదివేలకు పైగా శాతకర్ణి ముద్ర వేసినవే. పండితులు వానిని పరిశీలింపగా పైముద్ర క్రింద నహపానుని ముఖరేఖలు, పాత యక్షరములు అక్కడక్కడ కనబడెను. ఆ రెండు ముద్రల నడుమ వేరొక రాజు ముద్ర లేదు. కావున నహపానుని జయించినవాడు శాతకర్ణియే యను విషయము స్థిరపడెను. ఆ నాణెములను కరిగించియుండినచో ఈ సాక్ష్యము మనకు దక్కియుండెడిది కాదు.

శాతకర్ణి అనంతరము అతని కుమారుడు పులుమావి రాజయ్యెను. పులుమావి పాలనమున పందొమ్మిదవ యేట, వృద్ధురాలైన బలశ్రీ తన కుమారుని కీర్తిని నాసికు గుహలో చెక్కించెను. అతడు జయించిన దేశములను ఆమె అందు పేర్కొనెను. ప్రజల సుఖదుఃఖములను తనవిగా నెంచెననియు, ధర్మము తప్పక పన్నులు గైకొనెననియు, అపరాధియైన శత్రువునైనను చంపుటకు ఇష్టపడకుండెననియు తెలిపెను. కన్నతల్లి శాసనము, వెండినాణెము కలిసి ఆ రాజు చరిత్రను మనకందించినవి.

ఘనులను, ఘనకార్యములను నాణెముపై నిలుపు ఆచారము నేటికిని కలదు. 1964లో భారత ప్రభుత్వము జవహర్‌లాల్ నెహ్రూ స్మారకముగా నాణెములను వెలువరించెను. అమెరికాలో 2000లో సకగావియా యను ఆదిమజాతి వనిత రూపముతో డాలరు నాణెము వెలువడెను. 2009 నుండి ఆ డాలరుపై సంవత్సరము నాణెపు చుట్టంచున చెక్కబడుచున్నది. ముఖమును మాత్రమే చూచువానికి అది కనబడదు. నాణెములను సేకరింపగోరువాడు రెండు ముఖములను, అంచును, పైముద్ర క్రింది గీతలను గూడ ఓపికతో చూడవలెను.

బాలబాలికలారా! గోదావరీతీరపు పొలములలో దుక్కి దున్నునపుడు పాతనాణెము దొరకుట అరుదు కాదు. దానిని చింతపండుతో తోమరాదు, కరిగించుటకు ఈయరాదు. దొరకిన చోటును గుర్తుంచుకొని పెద్దల ద్వారా తహశీల్దారునకో, పురావస్తుశాఖవారికో తెలుపవలెను. తోమినచో మెరుపు వచ్చును గాని యక్షరము పోవును. ఆ యక్షరముతో ఒక రాజు పేరే మాసిపోవచ్చును.