గడువు నాలుగేళ్లు: బాబాసాహెబ్ రెండో లండన్ ప్రయాణం

బాబాసాహెబ్ విదేశీ చదువు అనగానే మనకు 1913, కొలంబియా విశ్వవిద్యాలయం, బరోడా మహారాజు స్కాలర్‌షిప్ గుర్తొస్తాయి. 1920లో ఆయన మళ్లీ ఓడ ఎక్కిన సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఆ ఒక్క వాక్యం వెనుక మూడేళ్ల తయారీ ఉంది.

మొదటి ప్రయాణానికి డబ్బు సంస్థానం ఇచ్చింది. బదులుగా, చదువయ్యాక పదేళ్లు బరోడాలో ఉద్యోగం చేస్తానని అంబేద్కర్ ఒప్పందం రాసిచ్చారు. న్యూయార్క్‌లో ఎం.ఏ. పూర్తిచేసి, 1916లో లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. విడిగా పంపిన పుస్తకాల పెట్టెలు యుద్ధంలో మునిగిన ఓడతోపాటు సముద్రం పాలయ్యాయి. అయితే వచ్చేముందు ఆయన ఒక పని చేశారు. 1917 అక్టోబర్ నుంచి నాలుగేళ్లలోపు ఎప్పుడైనా వచ్చి చదువు కొనసాగించేందుకు విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకున్నారు. రెండో ప్రయాణానికి తయారీ అక్కడే మొదలైంది.

ఒప్పందం ప్రకారం బరోడా వెళ్తే ఏం జరిగిందో మనకు తెలుసు. అంత పెద్ద చదువు చదివిన అధికారికి ఊళ్లో అద్దె గది దొరకలేదు. బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచే విసిరేవారు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. రాసిచ్చిన పదేళ్ల సేవను కులం కొద్ది రోజుల్లోనే ముగించింది.

బొంబాయి తిరిగొచ్చాక ట్యూషన్లు చెప్పారు. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెడితే, ఆయన కులం తెలియగానే వచ్చేవాళ్లు మానేశారు. 1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 450 రూపాయలు. అక్కడ కూడా అధ్యాపకుల కుండలో ఆయన నీళ్లు తాగడానికి కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. అన్నీ భరిస్తూనే ఆ జీతంలోంచి లండన్ కోసం కూడబెట్టారు. కుటుంబం మాత్రం పరేల్‌లోని కార్మికుల చాల్‌లో, రెండు చిన్న గదుల్లోనే ఉండిపోయింది.

కూడబెట్టింది చాలలేదు. కొలంబియా రోజుల మిత్రుడు నావల్ భతేనా 5,000 రూపాయలు అప్పిచ్చారు. కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం చేశారు. ఈసారి ఎవరికీ సేవా ఒప్పందం రాసివ్వలేదు.

వెళ్లే ముందు నెలల్లో ఆయన ఊరికే సామాను సర్దుకుంటూ కూర్చోలేదు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పత్రిక మొదలైంది. మార్చిలో మాణ్‌గావ్ సభ, మే నెలాఖరులో నాగ్‌పూర్ సభ జరిగాయి. జులైలో ఓడ ఎక్కారు. నాలుగేళ్ల గడువులో అప్పటికి మిగిలింది ఏడాది పైచిలుకు మాత్రమే.

లండన్‌లో అర్ధాకలితో గ్రంథాలయాల్లో గడిపి 1921లో ఎం.ఎస్సీ., 1922లో బారిస్టర్ అయ్యారు. డి.ఎస్సీ. 1923లో వచ్చింది. దీనికి మూల్యం ఆయన ఒక్కరే చెల్లించలేదు. ఇంటి దగ్గర రమాబాయి చాలీచాలని డబ్బుతో సంసారం నెట్టుకొచ్చారు. ఆ దంపతుల ఐదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే చనిపోయారు. వేరేవాళ్ల చేతుల్లో పెట్టి వెళ్లిన ‘మూక్‌నాయక్’ 1923లో ఆగిపోయింది. ఉద్యమం మొదలైన కొత్తలోనే నాయకుడు మూడేళ్లు దూరంగా ఉంటే ఏమవుతుందో ఆ పత్రిక చెబుతుంది. ఆ లోటు తెలిసినవాడు కాబట్టే, వచ్చిన మరుసటి ఏడాదే, 1924లో, బహిష్కృత హితకారిణి సభ పెట్టారు.

ఈ కథను ప్రతిభ గెలిచిన కథగా చెప్పడం చాలామందికి ఇష్టం. ప్రతిభ ఉంది, కాదనేదేముంది? కానీ ఆ ప్రతిభను ఓడ ఎక్కించినవి ముందుచూపుతో తెచ్చుకున్న అనుమతి, జీతంలో మిగిల్చిన రూపాయలు, ఒక స్నేహితుడి అప్పు, ఒక రాజు సాయం, ఒక ఇల్లాలి ఓర్పు. నేడు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కో, తెలంగాణలో ఆయన పేరిటే ఉన్న ఓవర్సీస్ విద్యానిధికో దరఖాస్తు చేసే మన పిల్లలకు ఆ డబ్బు దయాధర్మం కాదు. బాబాసాహెబ్ అప్పు చేసి కట్టిన మూల్యం మరొకరు కట్టనక్కర లేకుండా చూడటం ప్రభుత్వాల బాధ్యత. ఆ బాధ్యతను నిలదీసి గుర్తుచేయడం మన పని.