లంకల గన్నవరపు అన్నపూర్ణ

రాజ్యములు నిలిపినవారి పేర్లు శాసనములయందు నిలిచినవి. కావ్యములు రచించినవారి పేర్లు గ్రంథములయందు నిలిచినవి. శాసనము గాని గ్రంథము గాని విడువక, విస్తరిలో వడ్డించిన అన్నము చేతనే చిరకీర్తి నార్జించిన ఇల్లాలు డొక్కా సీతమ్మ. ఆకలిగొన్నవానికి పట్టెడన్నము పెట్టుట ఏ ఇంటనైనను జరుగునదే. పండుగనాడో, పితృదినమునాడో చేసి తృప్తిపడు ఆ పనిని ఆమె జీవితమంతయు ప్రతిదినము చేసెను. ఆమె గొప్పదన మంతయు ఆ ప్రతిదినమునందే యున్నది.

సీతమ్మ 1841వ సంవత్సరమున గోదావరి మండలమందలి మండపేటలో జన్మించెను. తండ్రి అనుపిండి భవానీశంకరము, తల్లి నరసమ్మ. వచ్చినవారికి లేదనక బువ్వ పెట్టుటచేత ఊరివారు ఆ తండ్రిని బువ్వన్న యని పిలిచెడివారు. తల్లి ముందుగనే గతించుటచే ఇంటి భారము చిన్ననాడే సీతమ్మపై పడెను. బాలికలకు బడి చదువు అరుదైన కాలమది. ఆమె నేర్చినది వంటయింటి విద్య. వాకిట నిలిచినవాని ముఖము చూచి ఆకలి నెరుగు విద్య.

లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్న వేదవిదుడు, కలిగిన గృహస్థు. ఆయన ఒకమారు మండపేటకు వచ్చి భవానీశంకరము ఇంట ఆతిథ్యము స్వీకరించెననియు, సీతమ్మ అణకువకు మెచ్చి ఆమెను వివాహమాడెననియు చెప్పుదురు. పుట్టినింటి ధర్మము ఆమెతో మెట్టినింటికి నడచి వచ్చెను.

కోనసీమ గోదావరి పాయల నడుమనున్న నేల. లంకల గన్నవరము వైనతేయ పాయ ఒడ్డున వెలసిన గ్రామము. నేటి వంతెనలు నాడు లేవు. బాటసారి రాకపోకలన్నియు పడవపై ఆధారపడియుండెను. పడవ తప్పినచో గట్టున నిరీక్షింపవలెను; వరద వచ్చినచో ఎరుగని ఊరిలో చిక్కుపడవలెను. కాటన్ దొర కాలమున, 1850 ప్రాంతములలో, అచట కట్టిన అక్విడక్టు కాలువ నీటిని పాయ దాటించి ఆవలి లంకలను మాగాణులుగా మార్చెను. కాని పంట పండినంతమాత్రమున దారిని పోవువాని కడుపు నిండదు. అందులకు ఒక మనిషి పూనుకొనవలెను. జోగన్న దంపతులు పూనుకొనిరి.

సీతమ్మ సత్రము కట్టలేదు. తన వంటయింటినే తెరచి యుంచెను. వేళకు వచ్చినవానికి వేళకు, వేళ తప్పి వచ్చినవానికి తిరిగి పొయ్యి రాజేసి వండి పెట్టెను. అన్నము పెట్టుటకంటె కష్టమైన పని మరియొకటి కలదు. అడుగుట అభిమానవంతునకు ఆకలికంటె దుర్భరము. అడుగక ముందే విస్తరి వేయుట ఆ అభిమానమును కాపాడుట. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చుండవలెనో కులము నిర్ణయించిన ఆ దినములలో, ఒక శ్రోత్రియ గృహిణి ఆకలికి కులము లేదని తలచి అందరికి అన్నము పెట్టెనని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు.

ఆమె జీవితములో మిగుల ప్రసిద్ధమైన ఘట్టమొకటి కలదు. ఇల్లు విడిచి కదలని సీతమ్మకు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని చిరకాల వాంఛ. ఎట్టకేలకు ఒకనాడు బయలుదేరెను. మార్గమధ్యమున విశ్రమించి యుండగా, అలసిన పెండ్లివారి గుంపొకటి ఆ దారిని వచ్చెను. ఆకలికి తాళలేని పిల్లలను పెద్దలు, గన్నవరము చేరినచో సీతమ్మగారి ఇంట అన్నము దొరకునని ఓదార్చుచుండిరి. ఆ మాట ఆమె చెవిని పడెను. స్వామి దర్శనము మరియొకనాడు కావచ్చును. ఆ పిల్లల ఆకలి మరియొకనాటికి ఆగదు. సీతమ్మ వెనుకకు మరలి, వారికంటె ముందుగ ఇల్లు చేరి, వంట సిద్ధము చేసెనట.

నిత్యము ఇంతమందికి వండుచున్న ఇంట ఆస్తి తరుగుట సహజము. పొలములు తరిగినను ఆమె పొయ్యి ఆరలేదందురు. ఆమె కీర్తి సముద్రములు దాటెను. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవ సందర్భమున ఆమెకు ఆహ్వానము వచ్చెననియు, ఆమె వెళ్ళుటకు అంగీకరింపకపోగా అధికారులు ఆమె ఛాయాచిత్రమునైన గైకొనిపోయిరనియు ప్రతీతి. చక్రవర్తి సభకంటె ఆనాటి మధ్యాహ్నపు పంక్తి ఆమెకు ముఖ్యము.

సీతమ్మ 1909లో దివంగతురాలయ్యెను. గన్నవరము వద్ద పాత అక్విడక్టు చెంత కట్టి 2000లో ప్రారంభించిన కొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. బిడ్డలులేని బాటసారులకును తల్లి వలె వడ్డించిన ఆమె పేరు పిల్లల పళ్ళెము చెంతకు చేరుట ఉచితముగనే యున్నది.

అయినను ఆమెను తలచుకొనుటకు గోదావరీ తీరమే అక్కరలేదు. ఓరుగల్లు కొత్తవాడలో తివాచీలు నేయు ఇంటివారు ఎండబడి వచ్చినవానికి చెంబెడు మంచినీళ్ళిచ్చి అరుగుపై కూర్చుండబెట్టినను, ఆకలితో బడికి వచ్చిన తోడివానికి ఒక విద్యార్థి తన గిన్నెలో సగము పంచినను, అది సీతమ్మ చేసిన పనియే. దానికి ధనము గాని పాండిత్యము గాని అక్కరలేదు. ఎదుటివాని ముఖము చూడవలెను. రేపటికి వాయిదా వేయకుండవలెను. సీతమ్మ చేసినది అంతయే. అది ఒక జీవితకాలము చేసెను.