కాన్సర్ మందుకు బాట వేసిన డాక్టర్ యల్లాప్రగడ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పల్లెల్లో రొమ్ములో గడ్డ కనిపించినా సిగ్గుతోనో, భయంతోనో ఇంట్లో చెప్పుకోని స్త్రీలు నేటికీ ఉన్నారు. ఆ జబ్బుకు వాడిన తొలి మందులలో ఒకదాని వెనుక తెలుగువాడి కృషి ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయనే కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేద కుటుంబం. మెట్రిక్ మూడోసారి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇంతలో ఇద్దరు సోదరులు సంగ్రహణి వ్యాధితో కన్నుమూశారు. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు.

1922లో మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. పొట్టకూటికి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. హార్వర్డ్‌లో పరిశోధనకు దిగి, 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. ఎముకలకు గట్టిదనాన్నిచ్చేవి సున్నం, భాస్వరమే. ఎముకల జబ్బులను గుర్తించడానికి ఆ పరీక్ష వైద్యులకు ఎంతో ఉపకరించింది.

1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను బలిగొన్న సంగ్రహణికి అదే మందయింది. గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేదీ అదే. బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్ కూడా ఆ బృందం కృషే.

శరీరంలో కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనిపిస్తూ పనికిరాని పదార్థాన్ని ఇస్తే కాన్సర్ కణాలు మోసపోయి పెరగడం మానతాయి. ఈ ఎత్తుగడతో పుట్టినవే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ అమినాప్టెరిన్ ఇచ్చి, రక్త కాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించారు. 1951లో డాక్టర్ జేన్ రైట్ అనే నల్లజాతి వైద్యురాలు మెథోట్రెక్సేట్ రొమ్ము కాన్సర్‌పైనా పనిచేస్తుందని చూపారు.

అది చూడడానికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో 53వ ఏట న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అమెరికా వెళ్ళాక స్వదేశానికి గాని, భార్య శేషగిరి వద్దకు గాని తిరిగి రాలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మందు ఎంత మంచిదైనా జబ్బు ముదిరాక దాని బలం తగ్గుతుంది. రొమ్ము గడ్డ మొదట్లో తరచు నొప్పి పెట్టదు. నొప్పి లేదు గదా అని ఊరుకోరాదు. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు ఉపకేంద్రంలో నర్సమ్మ చేత రొమ్ము పరీక్ష చేయించుకోవచ్చు. చేతికి తగలని చిన్న గడ్డను సైతం మామోగ్రఫీ అనే ఎక్స్‌రే పట్టగలదు. బహిష్టులు ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారుతాయి. డెక్సా పరీక్షతో ఆ సంగతి ముందే తెలుస్తుంది.

సుబ్బారావు సోదరులకు కాలం కలసి రాలేదు. నేడు మందు ఉంది, పరీక్ష ఉంది. ఇంటి ఆడవారు చెప్పుకోవాలి, మగవారు వెంటబెట్టుకొని దవాఖానకు తీసుకుపోవాలి.