జాన్ హంటరు: ఎముక కరగు విధమును కనుగొనిన శస్త్రవైద్యుడు

ఎముక రాతివలె మార్పులేనిదని లోకుల తలంపు. నిజమునకు దేహము ఒకవంక ఎముకను చేర్చుచు, వేరొకవంక దానినే కరగించి తనలోనికి తీసికొనుచుండును. ఈ సంగతిని ప్రయోగపూర్వకముగ చూపినవారిలో జాన్ హంటరు ముఖ్యుడు.

హంటరు 1728వ సంవత్సరము ఫిబ్రవరిలో స్కాట్లండునందలి ఈస్ట్ కిల్‌బ్రైడ్ చెంత, పదిమంది సంతానములో కడగొట్టువాడుగ జన్మించెను. బడిచదువు అబ్బలేదు. కొంతకాలము గ్లాస్గోలో బావగారి వడ్రంగశాలలో పనిచేసెను. 1748లో లండనుకు పోయి, అన్నయగు విలియం నడుపుచుండిన శరీరవిచ్ఛేదన పాఠశాలలో చేరెను. పుస్తకము పట్టని ఆ చేతికి కత్తి వెంటనే వశమయ్యెను. పాఠశాలకు వలయు శవములు రాత్రివేళ శ్మశానములనుండి దొంగచాటుగ వచ్చెడివి. ఆనాటి లండను వైద్యవిద్యకు అది తుడువరాని మచ్చ.

మంజిష్ఠజాతి వేరు తినిన జంతువుల ఎముకలు ఎఱ్ఱబడునని బెల్చియర్ అను వైద్యుడు 1736లోనే ప్రకటించియుండెను. హంటరు పందులకు ఆ వేరును కొన్నాళ్లు పెట్టి, పిదప మాన్పించి, ఎముకలను కోసి చూచెను. క్రొత్త ఎముక వెలుపలివంక ఎఱ్ఱని పొరగా చేరెను; మేత మార్చిన పిమ్మట దానిపై తెల్లని పొర ఏర్పడెను; లోపలి పాత ఎముక తఱిగి మూలుగకు చోటిచ్చెను. మఱియొక ప్రయోగమున, పందికాలి ఎముకలో రెండు సీసపు గుండ్లను ఎడముగ నాటెను. ఎముక పొడవెదిగినను గుండ్ల నడిమి దూరము మారలేదు. అనగా పొడవు చివరలయందే పెరుగుచున్నది. అయినచో నిన్న వెడల్పైన చివరగా నుండిన భాగము రేపు సన్నని నడిమిభాగము కావలెను. అందులకు వెలుపలి అంచును చెక్కివేయక తప్పదు. ఆ చెక్కుపని దేహమే చేసికొనుచున్నదని ఈ పూర్వపు వడ్రంగి గ్రహించెను.

ఈ జ్ఞానము రోగులకును ఉపకరించెను. 1785 డిసెంబరులో, మోకాలి వెనుక ధమని ఉబ్బిన ఒక బండివాడు సెంట్ జార్జి ఆసుపత్రికి వచ్చెను. అట్టివారికి సాధారణముగ కాలు తీసివేయుటయే గతి. హంటరు తొడలోని ధమనిని కట్టివేసి, చిన్న నాళములు రక్తమును అందించుననియు, ఉబ్బును దేహమే హరించుననియు నమ్మెను. అట్లే జరిగెను; బండివాడు తన కాళ్లతోనే ఇంటికి పోయెను.

ఒక్కచోట మాత్రము హంటరు ఊహ తప్పినది. ఎముకను కరగించునవి శోషరస నాళములని ఆయన తలంచెను. ఆ పని చేయునవి పెక్కు కేంద్రకములుగల పెద్ద కణములని 1873లో కోలికర్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. రక్తకణముల వంశమున పుట్టు ఈ కణములు ఆమ్లముతో సున్నపు లవణములను, జీర్ణరసములవంటి ఎంజైములతో మాంసకృత్తులను విడగొట్టునని నేడు తెలియును.

1773 మొదలు హంటరును గుండెనొప్పి బాధించుచుండెను. 1793 అక్టోబరు 16వ తేదీన ఆసుపత్రి సమావేశమున వాగ్వాదము జరుగగా, ఆయన లేచి ప్రక్కగదికి పోయి ప్రాణము విడిచెను. దేహమును కోసి చూడగా గుండెను పోషించు ధమనులు ఎముకవలె గట్టిపడియుండెను.

ఆయన కూర్చిన నమూనాలను 1799లో ఆంగ్ల ప్రభుత్వము 15,000 పౌనులకు కొనెను. వ్రాతప్రతులలో పెక్కింటిని బావమరిదియగు ఎవెరార్డ్ హోమ్ 1823లో తగులబెట్టెను. ఎముకల ప్రయోగములను ఆ హోమే 1800లో అచ్చువేయించియుండుటచే అవి మిగిలినవి.