పూసలతో లెక్కలు నేర్పిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి

మన పట్టణాలలో ఏ పేటకు వెళ్లినా మాంటిస్సోరి పేరు గల బడి ఒకటి కనబడుతుంది. అది ఒక ఇటలీ వనితా వైద్యురాలి పేరని, ఆమె మన మద్రాసులోను, కొడైకెనాల్ కొండలలోను ఏళ్ల తరబడి నివసించారని ఆ బడికి పిల్లలను పంపే తల్లిదండ్రులలో ఎందరికి తెలుసు?

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో జన్మించారు. స్త్రీలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజులలో, 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం పొందారు. తొలుత బుద్ధిమాంద్యం గల పిల్లల మధ్య పనిచేశారు. వారి చేతులకు తగిన పని కల్పిస్తే బుద్ధి కూడా మేల్కొంటుందని గ్రహించి, ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగ్విన్‌ల మార్గంలో ఉపకరణాలు తయారుచేయించారు. ఆ పిల్లలలో కొందరు చదవడం, రాయడం నేర్చి సాధారణ బాలలు రాసే పరీక్షలో నెగ్గారు. లోకం ఆమెను ప్రశంసించింది. ఆమెకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. ఆరోగ్యవంతులైన పిల్లలు బడిలో ఇంతకన్నా ముందుకు పోలేకపోవడానికి కారణమేమిటన్నదే ఆ దిగులు.

1907 జనవరి 6న రోములోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో తన తొలి శిశుగృహాన్ని ఆరంభించారు. ఒకనాడు అక్కడి ఉపాధ్యాయిని ఉపకరణాల బీరువాకు తాళం వేయడం మరచి, మరునాడు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే పిల్లలు ఎవరికి కావలసినవి వారు తీసుకొని నిశ్శబ్దంగా పనిలో నిమగ్నులై ఉన్నారు. ఉపాధ్యాయిని దానిని దొంగతనంగా భావించింది. మరియా అలా భావించలేదు. ఆనాటి నుండి పిల్లల చేతికందే ఎత్తులో తెరచిన అరలు పెట్టించారు. నేను శిక్షణ పొందిన సంస్థలో మాంటిస్సోరి అనగానే రెండు మార్కుల ప్రశ్న. పక్కనే ఉన్న బీరువా తాళం తీయగా నేను చూడలేదు.

ఆమె గణిత ఉపకరణాలలో నాకు మిక్కిలి ఇష్టమైనవి బంగారు రంగు పూసలు. ఒక పూస ఒకటి. తీగకు గుచ్చిన పది పూసలు పది. అటువంటి పది తీగలను పక్కపక్కన కడితే నూరు పూసల చదరం. పది చదరాలను ఒకదానిపై ఒకటి పేర్చితే వెయ్యి పూసల ఘనం. వెయ్యిని రెండు చేతులా ఎత్తి చూసిన బాలుడు సున్నాల లెక్కలో తడబడడు. సంతలో దొరికే పూసలు, సన్నని తీగ తెచ్చి మా మూడవ తరగతి పిల్లలే వీటిని చేసుకున్నారు. ఒక తీగకు తొమ్మిదే గుచ్చారని కనిపెట్టినదీ వారే! మరొకటి, ఎనిమిది కొయ్యముక్కలు అమర్చితే ఒక ఘనమయ్యే పెట్టె. నాలుగేళ్ల బిడ్డ దానిని ఆటగా పేరుస్తుంది. పెద్దయ్యాక రెండు పదాల మొత్తానికి ఘనసూత్రం నేర్చేటప్పుడు ఆ ముక్కలే ఆమెకు సాక్ష్యం.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో ఆమె అడయారు వచ్చారు. తాటాకు పాకలలో సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిషు ప్రభుత్వానికి ఆమె శత్రుదేశీయురాలైంది. కుమారుడు మారియోను నిర్బంధ శిబిరానికి పంపి, ఆమెను సమాజ ఆవరణకు పరిమితం చేశారు. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున మారియోను విడిచిపెట్టారు.

1942 నుండి 1944 వరకు కొడైకెనాల్‌లో గడిపిన కాలమే ప్రాథమిక పాఠశాలలకు ముఖ్యమైనది. అంతవరకు చిన్నపిల్లలకే ఎక్కువగా పేరుపడిన ఆమె విధానం అక్కడ ఆరు నుండి పన్నెండేళ్ల వారికి సమగ్రరూపం దాల్చింది. కొండమీది మొక్కలు, పురుగులు, రాళ్లే పాఠ్యవస్తువులు. భూమి పుట్టుక నుండి మానవుని రాక వరకు ఒకే కథగా సాగే విజ్ఞానబోధ అక్కడే రూపుదిద్దుకుంది. ఆ వయసు పిల్లల చదువును గురించిన ఆమె పుస్తకం 1948లో మద్రాసులోని కళాక్షేత్ర ద్వారానే అచ్చయింది. అయినా మన ఊళ్లలో ఆ పేరు నర్సరీ తరగతులు దాటి పైకి రాలేదు.

1949లో ఆమె భారతదేశం నుండి శాశ్వతంగా ఐరోపాకు మరలి, 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్‌లో కన్నుమూశారు.